దోహాలో అయిదో ఫౌలు

ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలకి ఇంకా ఆరు నెలలుందనగా నేను ఖతర్ వెళ్ళి పన్నెండు రోజులు ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా ఊళ్ళో ఎదురుపడ్డ ప్రతివాడూ స్టేడియాలు చూశావా అని అడుగుతున్నాడు. చూశాను, కారు అద్దంలోంచి. ఒకటి గుడారంలా ఉంది, ఇంకొకటి టోపీలా ఉంది. రెండింటి చుట్టూ తవ్విపోసిన రోడ్లున్నాయి. అంతకు మించి చెప్పలేను, ఎందుకంటే నేను వెళ్ళింది ఫుట్‌బాల్ కోసం కాదు, బాస్కెట్‌బాల్ కోసం. అదీ ఎనభైల మొదట్లో ఎప్పుడో ముగిసిపోయిన ఒక ఆట కోసం. ఈ మాట నోటితో చెబితే జనం నా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు. అందుకని రాస్తున్నాను.

మిల్లు జట్టు

మాది గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడ జూట్ మిల్లు ఉండేది, ఆ మిల్లుకి బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. సరదా జట్టు కాదు. ఆటగాళ్ళకి ఆడినందుకే జీతం. పొద్దున్నే మస్టరులో సంతకం పెట్టి, కాసేపు మగ్గాల మధ్య తిరిగినట్టు చేసి, గ్రౌండుకి వచ్చేసేవాళ్ళు. పోర్టుకి ఒక జట్టు, పోలీసులకి ఒకటి, బ్యాంకుకి ఒకటి, అందరూ ఇలా జీతాలిచ్చి పోషించుకునేవాళ్ళే. దసరా వెళ్ళాక సీజను మొదలైతే ఎండలు ముదిరేదాకా ఊరూరా టోర్నమెంట్లు. పాసింజరు బండిలో పన్నెండుమంది పొడుగాటి మనుషులు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ హోల్డాళ్ళు, ఒక బుట్ట నిండా ఉడకబెట్టిన గుడ్లు, రెండు అరటిగెలలు. వాళ్ళతో పాటు నేను.

నేను ఆటగాణ్ణి కాదు. టైమాఫీసులో గుమాస్తాని, జట్టుకి స్కోరరుని. కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో, ఎవరికి ఎన్ని ఫౌల్సు పడ్డాయో రాసేవాణ్ణి. నా దస్తూరీ ముత్యాల్లా ఉండేదని అందరూ అనేవాళ్ళు. నేనూ నమ్మేవాణ్ణి.

యోహాను బదిలీ కార్మికుడిగా చేరాడు. అంటే ఎవరైనా పనిలోకి రాని రోజున వాళ్ళ స్థానంలో పనిచేసేవాడు, పర్మనెంటు కాదు. నా ఈడువాడే, ఆరడుగుల మూడంగుళాలు, చొక్కా నంబరు పదమూడు. ఆ సీజను బాగా ఆడితే పర్మనెంటు చేస్తామని మేనేజరు పదిమందిలో మాటిచ్చాడు. యోహాను ఆడాడు. వాడి వల్లే మేము మొదటిసారి ఫైనలు దాకా వెళ్ళాం, పోర్టు జట్టు మీద.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. అప్పట్లో చొక్కా నంబర్లు నాలుగు నుంచి పదిహేను దాకానే. ఫౌలు ఎవరిదో రిఫరీ చేతులతో చూపిస్తాడు. ఒక చేతి అయిదు వేళ్ళూ విప్పి, రెండో చేత్తో మూడు వేళ్ళు చూపిస్తే ఎనిమిది. ఆ మొదటి చెయ్యి పిడికిలి బిగిస్తే పదమూడు. మా వైపు రిఫరీల్లో చాలామందికి విజిలు నోట్లోంచి తీసి చేత్తో పట్టుకునే అలవాటు. విజిలు పట్టుకున్న చెయ్యి పూర్తిగా విచ్చుకోదు. ఫైనలు ఆఖరి నిమిషంలో, మేము ఒక్క పాయింటు ముందున్నప్పుడు, రిఫరీ చూపించింది ఎనిమిది. నాకు కనిపించింది పిడికిలి. పదమూడు మీద రాశాను. యోహానుకి అప్పటికే నాలుగు ఫౌల్సు, అయిదోది పడితే బయటికి పోవాలి. నేను గంట కొట్టాను.

యోహాను తను కాదన్నట్టు తల అడ్డంగా ఊపి నా వైపు చూశాడు. అప్పుడే నాకు ఎనిమిదో నంబరు చిట్టిబాబు చెయ్యి సగం లేచి ఉండటం కనిపించింది. ఫౌలు చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవడం అప్పటి పద్ధతి. నాకు సంగతి తెలిసిపోయింది. గంట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇంకోసారి కొట్టి, తప్పు రాశానని చెబితే సరిపోయేది. ఆ రిఫరీ అంతకు ముందు నెలే ఒక స్కోరర్ని అందరి ముందూ తిట్టి బల్ల దగ్గర్నుంచి లేపేశాడు. నా వెనక పేము కుర్చీలో మా మేనేజరు కూర్చున్నాడు. నాకు ఇరవై మూడేళ్ళు. తల దించుకుని కాగితంలోకి చూశాను. మేము ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. అసలు సమయానికి బయటికి పోయినవాణ్ణి పర్మనెంటు చేసేది లేదని మేనేజరు అన్నాడు. ఆ వేసవిలో యోహాను ఎవరో ఏజెంటు ద్వారా ఖతర్ వెళ్ళిపోయాడు. తర్వాత వాడి కబురు లేదు.

అల్ అజీజియా

లలిత నా చెల్లెలి కూతురు. దోహాలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఒకసారి క్షేమ సమాచారాల ఫోనులో మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అంది: "మామయ్యా, మా ల్యాబులో రామన్ అని ఫిలిప్పీన్స్ అతనున్నాడు. వాళ్ళంతా శుక్రవారం శుక్రవారం బాస్కెట్‌బాల్ లీగు ఆడుకుంటారట. స్కోరు రాసే పెద్దాయన మన తెలుగాయనేట. బాగా పొడుగట, యోహాను సర్ అంటారట. మీ మిల్లు కథల్లో యోహాను అని ఒకాయన వచ్చేవాడు కదా?"

సిగ్నలు పోయిందనుకుని లలిత హలో హలో అంటూనే ఉంది. పదిహేను రోజుల్లో నేను విమానమెక్కాను. అరవయ్యేళ్ళు దాటినవాడికి విమానంలో నాలుగున్నర గంటలు మోకాళ్ళ మీద కూర్చున్నట్టే. దిగేసరికి నడుము ఉందో లేదో తడుముకోవాల్సి వచ్చింది.

లలిత వాళ్ళుండేది అల్ అజీజియాలో. అన్నీ ఇసుక రంగు గోడలు, ఇసుక రంగు గేట్లు. మొదటి రోజు సాయంత్రం కాస్త తిరిగొద్దామని బయటికి వెళ్ళి, తిరిగి వస్తూ మూడిళ్ళ అవతల గేటు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. అరుగు మీద కూర్చున్న అరబ్బు పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, కోప్పడకుండా, చేత్తో కూర్చోమని సైగ చేసి ఖర్జూరాలు, చిన్న కప్పుతో కాఫీ ఇప్పించాడు. యాలకుల వాసన తప్ప కాఫీ జాడ లేదందులో. కప్పు ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ పోశారు. చాలన్నప్పుడు కప్పుని అటూ ఇటూ ఊపాలని నాకు తెలియదు. ఆరు కప్పులు తాగాక లలిత భర్త వెతుక్కుంటూ వచ్చి విడిపించాడు. మా ఊళ్ళో ఎవరైనా ఇలా పొరపాటున ఇంట్లోకి వస్తే ముందు కుక్కని వదులుతాం.

మర్నాడు స్నానానికి చన్నీళ్ళ కొళాయి తిప్పి వీపు కాల్చుకున్నాను. మే నెల నుంచి అక్కడ మేడ మీద ట్యాంకులో నీళ్ళు సలసలా కాగుతాయి. గీజరు కట్టేసి, అందులో చల్లారిన నీళ్ళు వేడినీళ్ళ కొళాయిలోంచి పట్టుకోవాలిట. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదే అంటే లలిత నవ్వింది. ఆ సాయంత్రం ఏదో మాల్‌కి తీసుకెళ్ళింది. లోపల కాలువ తవ్వి పడవలు తిప్పుతున్నారు. గోదావరి ఒడ్డునుంచి వచ్చినవాణ్ణి, టిక్కెట్టు కొని మరీ ఆ పడవలో కూర్చున్నాను.

ఎటు చూసినా ప్రపంచ కప్పే. స్తంభాలకి జెండాలు, గోడలకి కొత్త రంగులు, ఇంకెన్ని రోజులుందో చూపించే గడియారం. కిందటిసారి వెళ్ళిన దారి ఈసారి ఉండదు, తవ్వేసి ఉంటారు. అందరూ అలిసిపోయి ఉన్నారు. దుకాణాల్లో, బస్సుల్లో, లిఫ్టుల్లో ఎవరి మొహం చూసినా ఇది తొందరగా అయిపోతే బాగుండునన్నట్టే ఉంది.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్

మూడో రోజు మెట్రో ఎక్కి యోహాను ఇంటికి బయల్దేరాను. టిక్కెట్టు రెండు రియాళ్ళు, మన నలభై రూపాయల పైచిలుకు. పెట్టె చల్లగా, ఖాళీగా ఉంటే హాయిగా కాళ్ళు చాపుకున్నాను. రెండు స్టేషన్లు దాటాక ఒక ఉద్యోగి వచ్చి, ఇది కుటుంబాల పెట్టె, ఒంటరి మగవాళ్ళు అవతల ఎక్కాలని మర్యాదగా చెప్పాడు. పిల్లలతో కూర్చున్న నలుగురు ఆడవాళ్ళ ముందు నుంచి లేచి వెళ్ళాల్సి వచ్చింది.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే ప్రాంతంలో ఒక్కో విల్లాని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిస్తారు. ఒక్క గేటు, లోపల ఏడెనిమిది కాపురాలు, గుమ్మం పక్కన చెప్పుల గుట్ట. యోహాను వాళ్ళది ఒక గది, దాన్ని ఆనుకుని రేకులతో అడ్డం కట్టిన వంటిల్లు. యోహాను భార్య మరియమ్మ తలుపు తీసింది. లలిత ముందే ఫోను చేసి చెప్పింది కాబట్టి నన్ను చూసి, "రండి అన్నయ్యగారూ" అంది, ఏళ్ళ తరబడి ఎరిగినట్టు.

యోహాను మంచం మీంచి లేచాడు. తల ఇప్పటికీ గుమ్మం పైకమ్మీని తాకేలాగే ఉంది. జుట్టు మొత్తం తెలుపు.

"రండి సుబ్బారావు గారూ, కూర్చోండి" అన్నాడు.

ఏరా అంటే ఏరా అనుకున్నవాళ్ళం. పాసింజరు బండిలో ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళం. ఆ గారూ అన్న మాట దగ్గరే నేను చెబుదామనుకున్నది ఆగిపోయింది. నా ఆరోగ్యం అడిగాడు, విమానం అడిగాడు, ఎండ అడిగాడు. మిల్లు మూతపడిందని చెప్పాను. "అలాగా" అన్నాడు. చిట్టిబాబు పోయి ఆరేళ్ళయిందని చెప్పాను. "పాపం" అని టీవీ రిమోటు అందుకున్నాడు.

మరియమ్మ హమూర్ చేప పులుసు పెట్టింది. హమూర్ అంటే అక్కడ దొరికే సముద్రపు చేప, ముల్లు తక్కువ. పులుసు మాత్రం అచ్చం మావైపుదే, మెంతిపిండి వాసనతో సహా. రెండుసార్లు వడ్డించుకున్నాను. భోజనం కాగానే యోహాను డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఒక మెయింటెనెన్సు కంపెనీలో స్టోర్ కీపరు. ఏసీ మెకానిక్కు దగ్గర హెల్పరుగా మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చాడు.

అతను వెళ్ళాక మరియమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పింది.

"వీసా అయిపోతందండి. వయసు దాటిపోయిందని కంపెనీ వాళ్ళు ఇంక రెన్యువల్ చెయ్యరంట. ఈ విల్లా కూడా ఓనరు ఖాళీ చేయించేత్తన్నాడు, కప్పుకొచ్చేవోళ్ళకి అద్దెకిత్తాడంట. వచ్చే నెలలో మేం ఎల్లిపోవాల."

"మన ఊరికే కదమ్మా వచ్చేది?"

"అదేనండి నా బాధ. మా అప్పచెల్లెళ్ళిద్దరూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. నా చర్చి అక్కడుంది. ఈయనేమో బెంగుళూరు ఎల్దామంటాడు, మా అమ్మాయి ఇంటికాడ ఫ్లాట్లో ఉందామంటాడు. పద్దెనిమిదో అంతస్తంట. నాకక్కడ ఎవరు తెలుసండి? మన ఊరెల్దామంటే అన్నం ముందునించి లేచిపోతాడు. ఎందుకో చెప్పడు. నలపై ఏళ్ళయింది మా పెళ్ళయ్యి, ఇప్పటికీ చెప్పడు. మీరు చిన్నప్పటి స్నేయితులు కదా, మీరన్నా అడగండి అన్నయ్యగారూ."

అడుగుతానన్నాను. ఎందుకో నాకు తెలుసని ఆవిడతో చెప్పలేదు. తిరుగు మెట్రోలో సరైన పెట్టె ఎక్కి, గంటసేపు నిలబడే వచ్చాను.

ఉమ్ సలాల్

రెండు రోజులు ఎక్కడికీ కదల్లేదు. మనసు బాగాలేదని లలితతో అంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించింది. వాళ్ళింటికి వారం వారం కూరలు తెచ్చే గంగారాం ఆ మర్నాడు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ తోటలో డ్రైవరు, తోటపని కూడా చూస్తాడు. నా మొహం చూసి, "ఇంట్ల కూసుంటే ఏం తెలుస్తది సార్, మా తోట చూద్దురు రాండ్రి. యల్లా, పోదాం" అని పికప్పు ఎక్కించాడు.

దారిలో పసుపు జాకెట్ల మనుషులు బస్సుల్లో నిద్రపోతూ ఎదురొచ్చారు. ఒక స్టేడియం కనిపిస్తే గంగారాం బండి నెమ్మది చేశాడు.

"గిండ్ల నేను మూడేండ్లు పనిజేసిన సార్. కుర్చీలుంటయి గదా, ఆడ కాంక్రీట్ పోసినం. ఇప్పుడు ఆట చూడాల్నంటే టికెట్ గావాలె."

"తీసుకుంటావా?"

"ఏం జేస్త తీసుకోని. నాకు ఫుట్‌బాల్ సమజ్ గాదు. మా అవ్వకైతే ఖతర్ అన్నదే సమజ్ గాదు. పన్నెండేండ్ల సంది చెప్తున్న, గిది దుబాయ్ గాదే అని. ఊరోళ్ళందరికి నా కొడుకు దుబాయ్ల ఉన్నడనే చెప్తది."

ఉమ్ సలాల్ దోహాకి ఉత్తరాన ఉంది. అక్కడికి వెళ్ళేసరికి కళ్ళకి కాస్త పచ్చదనం దొరికింది. ఖర్జూరపు చెట్లు, మేకలు, నల్లటి వలల కింద దోసకాయ పాదులు. ఒక మూల గంగారాం సొంతానికి వేసుకున్న గోంగూర. మధ్యాహ్నం తన గదిలో అన్నం వండి పచ్చి పులుసు చేశాడు. చింతపండు రసం, ఉల్లిపాయ, వేయించి నలిపిన ఎండుమిర్చి, అంతే. పొయ్యి మీద పెట్టడు. మా వైపు చారు మరగకపోతే అది చారే కాదు. కానీ ఆ ఎండలో, ఆ గదిలో, పచ్చి పులుసుకి మించింది లేదు. ఇంకో ముద్ద కలుపుకుంటూ, ఎందుకో తెలియదు, యోహాను సంగతంతా అతనికి చెప్పేశాను. మా ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పనిది.

గంగారాం తినడం ఆపి విన్నాడు.

"గంతేనా సార్? గది చెప్పనీకె గింత దూరం వస్తివా?"

"వచ్చాను గానీ చెప్పలేకపోయాను. కోప్పడతాడేమోనని."

"కోపం జేస్తడు. జెయ్యడా మరి? జేస్తే ఏమైతది. కోపానికొచ్చే హక్కున్నది ఆయనకు. మీరు నోరు మూసుకొని కూసుంటే గా హక్కు గూడ లేకపాయె."

చేయి కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు. నేను చెయ్యి ఎండిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

శుక్రవారం కోర్టు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి లలిత నన్ను ఒక స్కూలు లోపలి కోర్టు దగ్గర దింపింది. దేశమంతా ఫుట్‌బాల్ అని గోల పెడుతుంటే ఫిలిప్పీన్స్ వాళ్ళకి మాత్రం అదేమీ పట్టినట్టు లేదు. వంటవాళ్ళు, నర్సులు, డ్రైవర్లు, వారానికి ఆరు రోజులు చాకిరీ చేసి ఏడో రోజు జట్లుగా వచ్చేశారు. గుమ్మం దగ్గర ఒకావిడ అన్నం, వేయించిన కోడి ముక్కలు పొట్లాలు కట్టి అమ్ముతోంది. నేను పొట్లం కొనుక్కుని, యోహాను పక్కన బల్ల దగ్గర కూర్చున్నాను. అతను వద్దనలేదు, రమ్మనలేదు.

ఇప్పుడు నంబర్ల లెక్క మారిపోయింది. ఒకడి వీపు మీద డెబ్బై ఏడు, ఇంకొకడిది సున్నా. యోహాను రాస్తుంటే నేను చూస్తున్నాను. ఫౌలు పడగానే అతను రాయడు. రిఫరీ చూపించిన నంబరుని తన చేతులతో తిరిగి చూపిస్తాడు. రిఫరీ తలూపేదాకా ఆగుతాడు. అప్పుడు ఫౌలు చేసిన ఆటగాడి మొహంలోకి చూసి, నీకిది ఎన్నోదో వేళ్ళతో చెబుతాడు. ఆటగాడు కూడా తలూపాక అప్పుడు కలం కాగితం మీద పెడతాడు. ప్రతి ఫౌలుకీ ఇదే. ఇంత ఆలస్యం ఏ స్కోరరూ చెయ్యడు. ఆట ఆగినప్పుడు రామన్ బల్ల దగ్గరికొచ్చి నీళ్ళు తాగుతూ, యోహాను సర్ వెరీ స్లో, కానీ పదేళ్ళలో ఒక్క గొడవ రాలేదని నాతో ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ బల్ల దగ్గర గంటన్నర కూర్చున్నాను. ఒక్కో ఫౌలుకీ ఆ చేతులు లేవడం, ఆ కళ్ళు ఎదుటివాడి కళ్ళలోకి చూడటం, ఆగడం. ఈ పని ఇలా చెయ్యాలని అతను ఎక్కడ నేర్చుకున్నాడో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. పొట్లం విప్పకుండానే చల్లారిపోయింది.

ఆట అయిపోయాక జనం వెళ్ళిపోయారు. బయట మెట్ల మీద ఇంకా వేడి సెగ కొడుతోంది. యోహాను కాగితాలు సంచీలో పెట్టుకుంటుంటే చెప్పాను. ఎనిమిది, పదమూడు, రిఫరీ చేతిలో విజిలు, చిట్టిబాబు సగం ఎత్తిన చెయ్యి, నా ముందున్న గంట, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

యోహాను మెట్టు మీద కూర్చున్నాడు.

"నాలుగే అని నాకు తెలుసు" అన్నాడు. "ఆడేవోడికి తన ఫౌల్సు తెలీవా?"

"మరి ఎందుకు గొడవ పెట్టలేదు?"

"ఎవరితో పెట్టను? నీ వంక చూశాను. నువ్వు తల దించేసుకున్నావు. నీ వెనకాల మేనేజరు కూచున్నాడు. నాకు అర్థమైపోయిందనుకున్నాను. పేటోణ్ణి పర్మనెంటు చెయ్యడం ఇష్టం లేక అందరూ కూడబలుక్కున్నారనుకున్నాను. మేనేజరు, చిట్టిబాబు, నువ్వు. ఊరు ఊరంతా."

నేను ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను. తిడతాడనుకున్నాను, నవ్వేస్తాడనుకున్నాను, మర్చిపోయానంటాడనుకున్నాను. ఈ మాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా ఆలోచనకి రాలేదు. ఎందుకు రాలేదంటే, అలా ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. దళితుల పేటలో పుట్టింది నేను కాదు.

"పొరపాటా?" అన్నాడు మళ్ళీ. "ఉత్త పొరపాటా?"

"రాసింది పొరపాటు. తర్వాత చెప్పకపోవడం భయం. ఎవరూ ఏమీ అనుకోలేదు యోహానూ, నేనొక్కణ్ణే."

అతను రోడ్డు వైపు తిరిగాడు. ఎదురుగా కాలిబాట రాళ్ళు కొత్తవి పరుస్తున్నారు.

"ఇక్కడ మన ఊరోడు ఎవడైనా కనిపిత్తే రోడ్డు దాటి అవతలికెళ్ళిపోయేవోణ్ణి. మా అన్నయ్య చచ్చిపోతే సమాధుల తోట దాకా వచ్చి, ఊళ్ళో అడుగెట్టకుండా అట్నించటే తిరిగొచ్చేశాను. మా ఆవిడ్ని నలపై ఏళ్ళు ఏడిపించుకు తిన్నాను. ఒక్క కార్డు ముక్క రాయలేకపోయావురా? మా మేనమామ ఇల్లు నీకు తెలుసు. ఆయన్నడిగితే నా అడ్రసు ఇచ్చేవోడు కాదూ?"

గారూ పోయి రా వచ్చింది. దానికి నేను సంతోషించే స్థితిలో లేను. రాయాల్సింది యోహానూ, అన్నాను. మా ఇంటికీ వాళ్ళ మేనమామ ఇంటికీ మధ్య పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు నేను నలభై ఏళ్ళు నడవలేదు.

"ఖల్లాస్. ఇంక నువ్వెళ్ళు" అన్నాడు యోహాను. గొంతు పెంచలేదు. లలిత కారు వచ్చేదాకా నేను గేటు దగ్గర నిలబడ్డాను. అతను మెట్ల మీంచి లేవలేదు.

మిగిలిన రోజులు

ఆదివారం మళ్ళీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వెళ్ళాను. మరియమ్మ తలుపు సగమే తీసి, ఆయన పడుకున్నాడని చెప్పింది. పదకొండు గంటల వేళ. లోపల టీవీ మోగుతోంది. చెప్పుల గుట్ట పక్కన నిలబడే ఆవిడకి కూడా జరిగిందంతా చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తిడుతుందేమో అనుకున్నాను. "ఇదా అన్నయ్యగారూ" అని మాత్రం అంది. తర్వాత లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నేను తాగి గ్లాసు ఇచ్చాక తలుపు వేసుకుంది.

ఆ తర్వాత చూసినవన్నీ కళ్ళతో చూడటమే తప్ప మనసుకి పట్టలేదు. సముద్రపు ఒడ్డున పడవలు, పాత బజారులో డేగలు అమ్మే అంగళ్ళు. ఒక్కో డేగ తలకి చిన్న తోలు టోపీ. రెండు రియాళ్ళ కరక్ చాయ్ రోజుకి మూడుసార్లు తాగాను. చిక్కటి పాలు, యాలకులు, పంచదార ఎక్కువ, మా ఊరి టీ కన్నా నాలుగింతల ధర. లలిత నన్ను ఫుట్‌బాల్ గుర్తున్న టోపీ పెట్టించి ఫొటో తీసింది. అందులో నేను పన్ను నొప్పి ఉన్నవాడిలా ఉన్నాను.

వెళ్ళే రోజు గంగారాం విమానాశ్రయానికి దింపాడు. దారిలో, చెప్పినవా సార్ అని అడిగాడు. చెప్పానన్నాను. కోపానికొచ్చిండా అన్నాడు. వచ్చాడన్నాను. "మంచిది" అని రేడియో పెట్టాడు. విమానాశ్రయంలో జనం మధ్య పొడుగాటి తెల్లజుట్టు మనిషి కోసం నేను ఆఖరి క్షణం దాకా చూశాను. యోహాను రాలేదు. వస్తాడని ఆశపడే హక్కు నాకు లేదని తెలుసు, అయినా చూశాను.

ఇంటికి

ఊరికొచ్చి నెల కావస్తోంది. నడుము నొప్పి తగ్గలేదు. ఖర్జూరాలు అందరికీ పంచేశాను. స్టేడియాల గురించి అడిగినవాళ్ళకి గుడారం, టోపీ అని చెప్పి పంపేస్తున్నాను.

మొన్న పొద్దున్న మరియమ్మ ఫోను చేసింది. వెనకాల అట్టపెట్టెలకి టేపు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అన్నయ్యగారూ, ఒక చిన్న పనుందండి. మన ఊళ్ళో రెండు గదుల ఇల్లు అద్దెకేమన్నా దొరుకుద్దేమో చూడమంటన్నారు ఆయన. గుమ్మాలు ఎత్తుగా ఉండాలంట."

"తప్పకుండా చూస్తానమ్మా" అన్నాను. "ఇంకేమన్నా చెప్పాడా?"

టేపు చప్పుడు ఆగింది.

"మీ వీధిలో మాత్రం వద్దన్నారండి."

సాయంత్రాలు ఎండ తగ్గాక బయల్దేరి వెతుకుతున్నాను. చర్చి వెనక వీధిలో ఒకటి, వాళ్ళ మేనమామ ఉండిన ఇంటికి రెండిళ్ళ ఇవతల ఒకటి చూశాను. గుమ్మాలు కొలుచుకుని రాసుకున్నాను. మా ఎదురింటి మేడ మీద వాటా కూడా ఖాళీగానే ఉంది. దాని సంగతి వాళ్ళకి చెప్పలేదు.